మన వాడ పార్కు



పార్కు అనగానే మనకు హైదరాబాదే గుర్తుకొస్తుంది. నిజాంల కాలంలో వేసిన పబ్లిక్ గార్డెన్స్, ఆ తర్వాత వచ్చిన ఇందిరా పార్కు. సెలవుల్లో పిల్లల్ని తిప్పి తీసుకొస్తాం. మా నారాయణఖేడ్ లాంటి ఊరికి పార్కు ఎందుకు, నాలుగడుగులు వేస్తే చేలే కదా అనేవాళ్ళం. 2018లో మా ఊరు మున్సిపాలిటీ అయింది. ఇళ్ళు ఒకదానికొకటి దగ్గరైనాయి, వాకిళ్ళు చిన్నవైనాయి. సాయంత్రం పూట కాసేపు గాలికి కూర్చుందామంటే మా గల్లీ వాళ్ళకు ఆ చిన్న పార్కే దిక్కు.

అయితే అక్కడికి ఎవరం పోయేవాళ్ళం కాదు. ఆడవాళ్ళు, పిల్లలు పోవడం మానేసిన పార్కు ఏమవుతుందో మీకు తెలియంది కాదు. బెంచీల కింద సీసాలు చేరినాయి. ఉయ్యాల దగ్గర ఒక పిల్ల కాలికి గాజుపెంకు దిగింది. "ఇక పిల్లల్ని పంపొద్దు" అనుకున్నాం. పంపకపోయేసరికి సీసాలు మరీ ఎక్కువైనాయి. చివరకు ఆరుగురం కూడబలుక్కొని, రోజూ ఐదున్నరకు చిక్కుడుకాయలు, మెంతికూర పట్టుకొని పోయి ఆ బెంచీల మీదే ఒలుచుకుంటూ కూర్చున్నాం. ఎవరితోనూ తగాదా పెట్టుకోలేదు. తల్లి వయసు వాళ్ళు నలుగురు ఎదురుగా కూర్చుంటే సీసా మూత తీయడానికి చెయ్యి రాదు కదూ! పదిహేను రోజులకు వాళ్ళు చోటు మార్చారు. ఏ వాడకు పోయారో, అక్కడి వాళ్ళ గతేమిటో, అది వేరే సంగతి.

ఇక నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. తెల్లారకముందే గిన్నె పట్టుకొని పార్కులో నందివర్ధనాలు, మందారాలు కోసుకొచ్చేదాన్ని. దేవుడికే కదా అనుకునేదాన్ని. అందని కొమ్మను వంచితే ఒక్కోసారి విరిగేది కూడా. ఒకనాడు నా వెంట వచ్చిన మనవరాలు "అమ్మమ్మా, ఇక్కడ చెట్లకు పూలే పూయవా?" అంది. పూలన్నీ నా గిన్నెలో ఉన్నాయి. ఆ వానాకాలమే ఒక నందివర్ధనం కొమ్మ తెచ్చి ఇంట్లో పాత డబ్బాలో పెట్టాను. అది సులువుగా నాటుకుంటుంది. ఇప్పుడు పూజకు ఆ పూలే.

మొక్కలు నాటేనాడు ఊరంతా వస్తుంది. కష్టమంతా ఎండాకాలంలోనే. 2019 నాటి మున్సిపల్ చట్టం బడ్జెట్లో పదోవంతు పచ్చదనానికి కేటాయించాలంటుంది, నాటిన మొక్కల్లో నూటికి 85 బతకాలంటుంది. మంచి చట్టమే. కాని మే నెలలో వాడిపోయే మొక్కకు చట్టం వచ్చి చెంబెడు నీళ్ళు పోస్తుందా? బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు బకెట్లో పట్టి, చల్లబడ్డాక వంతులవారీగా పోస్తున్నాం. సబ్బునీళ్ళు మాత్రం వద్దు. రాలిన ఆకులు ఇదివరకు కుప్పపోసి తగలబెట్టేవాళ్ళు. ఇప్పుడు వాటినే పాదుల్లో మందంగా పరుస్తున్నాం. తడి తొందరగా ఆరదు. రోజూ పోసే మొక్కకు రోజు విడిచి రోజు పోసినా తట్టుకుంటున్నది.

కంచె పొడుగునా ఈసారి తంగేడు పెడదామనుకున్నాం. అది ఎండకు ఓర్చుకుంటుంది, పశువులు అంతగా ముట్టవు. బతుకమ్మకు పూలూ అవుతాయి. అంతవరకు ఒక్క పువ్వూ కోయనని అందరికంటే ముందు మాట ఇచ్చింది నేనే.