అమ్మ నేర్పిన కీర్తన



ధర్మపురిలో మా హాస్టల్‌కు కొత్తగా వచ్చిన పిల్లలు మొదటి వారం రాత్రిళ్లు ఏడుస్తారు. ఒకసారి ఓ గోండు పాప దుప్పటి కప్పుకొని క్రైస్తవ కీర్తన సన్నగా పాడుకుంది. ఎవరేమంటారోనని ఆపబోయాను. అంతలో పక్క మంచాల మీది ఏడుపులు ఆగాయి. ఊరుకున్నాను.

అది పురుషోత్తమ చౌదరి (1803–1890) గారి కీర్తనట. ఆయన క్రీస్తు పాటలను మన రాగతాళాల్లో కట్టారు. అందుకే చదువురాని ఆ తల్లి కూడా చెవితో విని నేర్చుకుంది, బిడ్డకు నేర్పింది. మన రేలా పాటలు, తీజ్ పాటలు మనకు అట్లా వచ్చినవే కదా!

ఇప్పుడు పడుకునే ముందు ఎవరింటి పాట వాళ్లు పాడతారు. నేను ఎవరినీ ఆపను.

తల్లులారా, పిల్లల పెట్టెలో బట్టలతోపాటు ఒక పాట కూడా పెట్టి పంపండి.