లియొనార్డో ఉన్న ఇళ్లు, మన గోడలు

స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం



లియొనార్డో దా వించి ఉన్న ఇళ్ల గురించి చెప్పమని కమిటీ వారు అడిగారు. ఆయన పోయి 500 ఏళ్లయిన 2019లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఇటలీలోనూ ఫ్రాన్సులోనూ ఆ చోట్లన్నీ వరసగా చూసి వచ్చాను. ఫోటోలు కావాలంటే భోజనాల దగ్గర ఫోనులో చూపిస్తాను. ఇక్కడ మాత్రం చూసినది చెప్పి, చివర్లో కమిటీని ఒకటి అడుగుతాను. అడగబోయేది చందా కాదు. కోశాధికారి గారు నిశ్చింతగా కూర్చోవచ్చు.

ముందుగా పుట్టిన ఇల్లు. ఫ్లోరెన్సుకు పడమరగా వించి అనే చిన్న కొండ ఊరు ఉంది. దా వించి అంటే వించి ఊరివాడని అర్థం, అది ఇంటిపేరు కాదు. అక్కడి నుంచి ఆలివ్ తోటల మధ్య సుమారు 3 కిలోమీటర్లు నడిస్తే ఆంకియానో వస్తుంది. మన అనంతగిరి ఘాటు ఎక్కినవాళ్లకు అది కొండే కాదు. రాతి గోడలు, పెంకు కప్పు, లోపల దాదాపు ఖాళీ గదులు. బాగు చేసి, చక్కగా తుడిచి పెట్టారు. ఆయన చేత్తో ముట్టిన వస్తువంటూ అక్కడ ఏమీ లేదు.

అసలు ఆయన ఆ ఇంట్లోనే పుట్టాడనడానికి కాగితం కూడా లేదు. ఉన్న కాగితం వేరే. లియొనార్డో తాతగారు ఆంటోనియో ఒక పాత పుస్తకంలో రాసి పెట్టుకున్నాడు: 1452 ఏప్రిల్ 15, శనివారం, రాత్రి మూడో గంటకు మా అబ్బాయి పియెరోకు కొడుకు పుట్టాడు, పేరు లియొనార్డో అని. బాప్తిస్మం ఇచ్చిన పూజారి పేరూ, అప్పుడు దగ్గరున్న వాళ్ల పేర్లూ రాశాడు. ఏ ఇంట్లో పుట్టాడో రాయలేదు. తల్లి పేరు రాయలేదు. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డ మరి. అయిదేళ్ల తర్వాత అదే తాత సర్కారుకు ఇచ్చిన పన్ను లెక్కలో ఇంటి మనుషుల జాబితాలో ఈ పిల్లవాణ్ణి చేర్చి, తల్లి పేరు కతెరినా అని చెప్పాడు. ఆ ముసలాయన ఆ నాలుగు వరసలు రాసి ఉండకపోతే లియొనార్డో పుట్టినరోజు లోకానికి తెలిసేది కాదు.

ఈ సభలో పుట్టినరోజు జూన్ 1 గానీ జూలై 1 గానీ ఉన్నవాళ్లు చేతులెత్తండి. అదిగో, సగం హాలు లేచింది! మనల్ని బడిలో చేర్చుకున్న రోజున మాస్టారు మన ఎత్తు చూసి, పళ్లు చూసి, రిజిస్టరులో రాసిన తేదీ అది. ఆయనకు తాత రాశాడు, మనకు మాస్టారు రాశారు. నవ్వుకోవడానికి చెప్పలేదు. ఎవరో ఒకరు రాసి పెట్టడం గురించి మళ్లీ వస్తాను.

ఆ వించి కొండల్ని నేను ఎక్కువసేపు చూశాను, ఒక బొమ్మ కారణంగా. లియొనార్డో తేదీ వేసిన బొమ్మల్లో మొట్టమొదటిది 1473 ఆగస్టు 5 నాటిది. ఇప్పుడు ఫ్లోరెన్సులో ఉఫీజీ మ్యూజియం వారి దగ్గర ఉంది. కలంతో గీసిన ఆర్నో నది లోయ. అప్పుడాయనకు 21 ఏళ్లు. దేవుడు లేడు, రాజు లేడు. కొండలు, చెట్లు, పొలాలు, కిందికి దూకే నీళ్లు. ఏ కథా లేకుండా కొండని కొండగా చూసి గీసినవాడు ఆ రోజుల్లో అరుదు. మన పిల్లలు నోటు పుస్తకం చివరి పేజీలో గీసేదీ అదే కదా: రెండు కొండలు, మధ్యలో సూర్యుడు.

తర్వాతి ఇల్లు గురువుగారిది. తండ్రి పియెరో నోటరీ, అంటే దస్తావేజులు రాసే మనిషి. కొడుకు గీసిన బొమ్మలు కొన్ని పట్టుకెళ్లి ఫ్లోరెన్సులో తనకు తెలిసిన వెరొక్కియో అనే శిల్పికి చూపించాడని, ఆయన ఆశ్చర్యపోయి పిల్లవాణ్ణి పంపమన్నాడని వసారి అనే రచయిత తర్వాతి కాలంలో రాశాడు. వెరొక్కియో పనిశాలలో కంచు పోత, రాతి చెక్కుడు, రంగుల బొమ్మలు, అన్నీ ఒకే కప్పు కింద నడిచేవి. శిష్యులు రంగులు నూరడంతో మొదలుపెట్టేవారు. తినడం, పడుకోవడం, నేర్చుకోవడం అంతా గురువు దగ్గరే. మన హాస్టలు లాగే.

ఇలాంటి కథ మనకు దగ్గర్లో ఒకటి జరిగింది. కొండ దిగితే రాజమండ్రి. అక్కడ 1897లో పుట్టిన దామెర్ల రామారావు గారు. ఆంధ్రలో చిత్రకళకు పునరుజ్జీవనం అంటే మొదట చెప్పుకునే పేరు. ఆయన చేతిలో ఏముందో గుర్తుపట్టింది రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాలు, ఓస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు గారు బొంబాయి వెళ్లి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. అడవి బాపిరాజు గారు కూడా ఆ దొర శిష్యుడే. బొంబాయి చదువు అయ్యాక రామారావు గారు అక్కడే ఉండిపోలేదు. తిరిగి వచ్చి సొంత ఊళ్లో చిత్రకళాశాల పెట్టారు. భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా బొమ్మలు వేశారు. 1925 ఫిబ్రవరిలో మశూచి వచ్చి ఆయన పోయారు. 28 ఏళ్లు నిండలేదు.

ఆ వయసుకి లియొనార్డో ఇంకా మిలాను కూడా వెళ్లలేదు. ఈ లెక్క నేను రాజమండ్రి గ్యాలరీలో ‘సిద్ధార్థ రాగోదయం’ ముందు నిలబడి వేసుకున్నాను. అప్పటి నుంచీ మనసులో మెలిపెడుతూనే ఉంది. రామారావు గారు పోయాక ఆ బొమ్మలు అటకెక్కిపోవలసినవి. అలా కాకుండా ఆయన మిత్రుడు వరదా వెంకటరత్నం గారూ, ఆ ఊరివాళ్లూ బడినీ బొమ్మల్నీ నిలబెట్టుకున్నారు. ఇవాళ ఆయన పేరుతో గ్యాలరీ ఉంది. మీరు పిల్లల్ని గోదావరికి తీసుకెళ్లినప్పుడు ఒక పూట అక్కడ గడపండి.

మళ్లీ ఇటలీకి వస్తాను. మిలానులో లియొనార్డో దాదాపు 17 ఏళ్లు ఉన్నాడు, లుదొవికో స్ఫోర్జా అనే ప్రభువు కొలువులో. పెద్ద చర్చి పక్కన పాత రాజభవనంలో ఆయనకు చోటిచ్చారు. అక్కడే ప్రభువు తండ్రి కోసం 7 మీటర్లు దాటిన గుర్రాన్ని మట్టితో చేశాడు. కంచు పోయవలసిన సమయానికి, 1494లో, ఆ కంచు ఫిరంగులకు పోయింది. 1499లో ఫ్రెంచి సైన్యం వచ్చి ఆ మట్టి గుర్రాన్ని బాణాల గురికి వాడుకుంది. ఆ భవనం కూడా తర్వాత మారిపోయి ఇప్పుడు వేరే రూపంలో ఉంది. చూడటానికి ఇల్లు లేదు గానీ, మిలానులో రెండు గోడలు ఉన్నాయి. ఆ రెంటి కోసమే అంత దూరం వెళ్లొచ్చు.

ఒకటి అందరికీ తెలిసిన ‘చివరి విందు’. సన్యాసుల భోజనశాల గోడ. గోడ మీద బొమ్మ వేసే ఇటలీ పద్ధతి ఏమిటంటే, సున్నపు పూత తడిగా ఉండగానే రంగు వేసెయ్యాలి. తడి ఆరేలోపు పని ముగియాలి, గోడ రంగుని తాగేస్తుంది, ఇక ఊడదు. లియొనార్డోకి తొందర పడటం చేతకాదు. ఒక్కో రోజు నాలుగు గీతలు, ఒక్కో రోజు ఊరికే చూడటం. అందుకని ఆరిన గోడ మీద వేశాడు. ఆయన బతికుండగానే, 1517లో చూసినవాళ్లు, బొమ్మ పాడవుతోందని రాశారు. 1652లో సన్యాసులు వంటింటికి దారి కావాలని గోడకి తలుపు కొట్టారు. ఏసు పాదాలు ఆ తలుపులో పోయాయి. 1943లో బాంబు పడి భోజనశాల కప్పు కూలింది. ఇసుక బస్తాలు పేర్చి కాపాడిన ఆ గోడ మాత్రం నిలిచింది. ఇప్పుడు 15 నిమిషాలు చూడనిస్తారు.

రెండోది అంతగా తెలియనిది. ప్రభువు కోటలో ఒక గది కప్పంతా మల్బరీ చెట్లు. కొమ్మలు అల్లుకుని పందిరి వేసినట్టు 1498లో లియొనార్డో వేశాడు. కోట సైనికుల చేతికి వెళ్లాక ఎవరో దాని మీద సున్నం కొట్టేశారు. తరాల తరబడి ఆ చెట్ల కింద పడుకున్న సిపాయిలకు పైన చెట్లున్నాయని తెలియదు. 19వ శతాబ్దం చివర్లో పూత గీకితే బయటపడ్డాయి. ఇప్పటికీ దాని మీద పని నడుస్తూనే ఉంది.

మిలానులో ఆయనకంటూ దక్కినది ఒక ద్రాక్షతోట. అదీ ప్రభువు ఇచ్చినదే. ఆ నేలలో మిగిలిన వేళ్లను పరీక్షించి, ఏ రకం ద్రాక్షో కనిపెట్టి, 2015లో మళ్లీ అదే రకం నాటారు. కాఫీ తోటలున్న మనవాళ్లకు ఈ పని విలువ వేరే చెప్పక్కర్లేదు.

చివరి ఇల్లు ఫ్రాన్సులో, ఆంబువాజ్ ఊళ్లో. రాజు ఫ్రాన్స్వా 1516లో పిలిచి ఇచ్చిన బంగళా. ఎర్ర ఇటుక, తెల్ల రాయి, కింద తోట. 1519 మే 2న అక్కడే పోయాడు. పడక గది, వంటగది చూపిస్తారు. రాజు చేతుల్లో ప్రాణం వదిలాడని వసారి రాసిన కథ కూడా చెబుతారు. నాకు ఆ కథ కంటే వీలునామా నచ్చింది. పుస్తకాలూ బొమ్మలూ శిష్యుడు మెల్జికి. ద్రాక్షతోట సగం సలాయి అనే శిష్యుడికి, సగం నౌకరుకి. ఇంట్లో పనిచేసిన మతూరినా అనే ఆవిడకి మంచి నల్ల గుడ్డతో కుట్టిన కోటు ఒకటి, రెండు బంగారు నాణేలు. చలికాలం ఎలా గడుస్తుందో అని ఆలోచించిన మనిషి రాసిన కాగితం అది.

అంటే చూడండి, ఆయన పేరు చెప్పి మనకు చూపించే చోట్లలో ఆయన కట్టుకున్న ఇల్లు ఒక్కటీ లేదు. తాత ఇల్లు, గురువు పనిశాల, ప్రభువు భవనం, రాజు బంగళా. ఎవరో చోటిచ్చారు, ఆయన పని చేశాడు. చోటిచ్చిన తర్వాత నిలబెట్టుకున్న గోడ ఉంది, సున్నం కొట్టేసిన గోడా ఉంది.

ఇప్పుడు మన గోడల దగ్గరికి వస్తాను. పండగ ముందు మన ఊళ్లలో అమ్మలు, అత్తలు ఇల్లు అలికేది మీరందరూ చూసినదే. ఎర్రమట్టి నానబెట్టి, పేడ కలిపి, గుడ్డ పీలికతో అరచెయ్యి ఆడించినట్టు పూత. పైన తెల్లమట్టి, అడుగున నల్ల పట్టె. ఆ పట్టె తిన్నగా రావడానికి తాడు పట్టుకోరు, కంటితోనే. అటు సీతంపేట కొండల్లో సవరవాళ్లు ఎర్రటి గోడ మీద బియ్యప్పిండితో వేసే మనుషులు, ఏనుగులు, చెట్లు. అది అలంకారం కాదట. పోయిన పెద్దలకూ దేవతలకూ ఆ బొమ్మే ఇల్లు అని సవరల మీద 1955లో పుస్తకం వేసిన వెరియర్ ఎల్విన్ రాశాడు.

లియొనార్డో ఎర్ర సుద్దతో గీసిన ముసలాయన బొమ్మ, ఆయన సొంత ముఖమే అని చెప్పుకునేది, టూరిన్ ఊళ్లో ఉంది. ఆ ఎర్ర సుద్దలో ఎరుపు ఇనుముది. మన గోడ ఎర్రమట్టిలో ఎరుపూ ఇనుముదే. బైలడిల్లా నుంచి కె.కె. లైను మీద మన ఊరి పక్కగా గూడ్సుల కొద్దీ పోయే రాయీ అదే. రంగు ఒకటే, చేతులే వేరు. ఆ చేతుల పేర్లు మాత్రం ఎక్కడా రాసి లేవు.

ఇళ్లు మారుతున్నాయి. స్లాబు ఇల్లు వద్దని ఎవరికీ చెప్పను, వానాకాలంలో కారే కప్పు కింద నేనూ చదువుకున్నాను. అయితే సిమెంటు నున్నటి గోడ మీద మట్టి నిలవదు, ఆరగానే పెచ్చులు లేస్తుంది. గోడ పోతే ఆ పని కూడా పోతుంది. మ్యూజియంలో ఒక ఇల్లు కట్టి పెట్టుకున్నంత మాత్రాన అలకడం వచ్చిన చెయ్యి తయారవదు.

అందుకని కమిటీ వారికి నా విన్నపం. స్వర్ణోత్సవ భవనానికి ముందు వరండాలో పొడుగాటి గోడ వస్తోంది. దానికి పుట్టీ పెట్టి, ఎనామిల్ వేసి, మన ఫోటోలు పెట్టాలని ప్లానులో ఉంది. మన ఫోటోలు లోపల పెట్టుకుందాం. ఆ ఒక్క గోడని ఇటుక మీద మట్టి పూతతో వదిలెయ్యండి. వరండా లోపలి వైపు కాబట్టి వాన కొట్టదు. ఇప్పుడు చదువుతున్న పిల్లల అమ్మల్నీ అమ్మమ్మల్నీ పిలిచి, ఏటా పండగ ముందు అలికించి, వాళ్లకి తోచినట్టు వెయ్యమందాం. శాలువా కాదు, రోజు కూలి ఇద్దాం, మేస్త్రీకి ఇచ్చే రేటే. పిల్లలు పక్కన నిలబడి మట్టి కలుపుతారు. డ్రాయింగు పీరియడు అక్కడే పెట్టుకోవచ్చు, మాస్టారు ఒప్పుకుంటే.

పక్కన ఒక రిజిస్టరు ఉంచుదాం. ఏ రోజు, ఏ ఊరావిడ, పేరు ఏమిటి, మట్టి ఏ గట్టు నుంచి తెచ్చారు. తేదీ మాత్రం ఎత్తు చూసి, పళ్లు చూసి కాకుండా, జరిగిన రోజుదే రాద్దాం.

వరండా ఇటుక పని ఈ నెలాఖరుకి అయిపోతుందని మేస్త్రీ చెప్పాడు. పుట్టీ ఆర్డరు ఇంకా పెట్టలేదట, పొద్దున్నే కనుక్కుని వచ్చాను.