అక్షరానికి ధ్వని వేరు, పేరు వేరు

కోల్‌కతా రేవు దగ్గర వాట్‌గంజ్ అనే పేట ఉంది. హెన్రీ వాట్సన్ పేరు మీద వచ్చిన ఈ పేరును ఇంగ్లీషులో ‘డబ్ల్యూ’తో, తెలుగులో ‘వ’తో మొదలుపెడతాం. బెంగాలీలో ‘ఓ’, ‘యా’ కలిపి రాస్తారు. చెవికి దాదాపు ఒకటే, రాతలో మూడు. ఊరి పేరుకు దీనివల్ల ఇబ్బంది లేదు. వెబ్ చిరునామాలో మాత్రం ఒక్క అక్షరం మారితే వేరే చోటికి పోతాం. మోసగాళ్లు కాచుకునేది అక్కడే.

1887లో జామెన్‌హాఫ్ ప్రకటించిన ఎస్పెరాంటో భాషను చూడండి. అక్షరాలు 28, ఒక్కోదానికి ఒకే ధ్వని. హల్లుకు ‘ఓ’ చేరిస్తే దాని పేరు: బో, దో, పో. వాటిలో క్యూ, డబ్ల్యూ, ఎక్స్, వై లేవు. కానీ చిరునామాల్లో అవి వస్తాయి కదా! అందుకని ‘కువో’, ‘దుయోబ్లా వో’ అంటే జంట వో, ‘ఇక్సో’, ‘ఇప్సిలోనో’ అని పేర్లు పెట్టుకున్నారు. చుక్క ‘పుంక్తో’.

వరల్డ్ వైడ్ వెబ్‌కు వారి అనువాదం ‘తుత్-తెరా తెక్సాఝో’. పొడి అక్షరాలు మూడు ‘టీ’లు. మాటల్లో అది చెల్లుతుంది. చిరునామాలో మూడు డబ్ల్యూల చోట మూడు టీలు కొడితే సాధారణంగా పని జరగదు. పేరును అనువదించవచ్చు, చిరునామాను అనువదించలేం.

మనకూ ఫోన్‌లో బి, డి, పి, టి ఒకేలా వినిపిస్తాయి. కనుక ‘బి ఫర్ బొంబాయి’ అన్నట్టు ఒక్కో అక్షరం చెప్పండి. రాసుకున్నవారి చేత తిరిగి చదివించండి.