పొన్నంగి పిట్ట

నేను ముప్పది యేండ్లకు పైగా బడిపంతులుగా నుండి విరమించినవాడను. అమరకోశములోని సింహాదివర్గమును ఎందఱు పిల్లలచేత వల్లె వేయించితినో లెక్కలేదు. ఖగము, విహంగము, పతత్రి, శకుంతము అని పక్షికి గల పేళ్లను వారు నిద్రలో లేపి యడిగినను తడుముకొనక చెప్పెడివారు. అట్టి నేను ఒక్క పిట్ట పేరు తెలియక తల వంచుకొనిన సంగతి నేడు మనవి చేసెదను.

మా వేదాద్రి కృష్ణయొడ్డున నున్నది. యోగానంద నృసింహస్వామి వెలసిన కొండ. దాని చుట్టును ముండ్లతుప్పలు. ఒక ఆశ్వయుజమాసమున తెల్లవారుజామున నదీస్నానమునకు లేచితిని. మా వసారాలో గోడవార నొక పిట్ట పడియుండెను. జానెడు పొడవైనను లేదు. తోక ఉన్నదా లేదా యనునంత పొట్టి. వీపు ఆకుపచ్చ, రెక్క మొదట నీలపు మెఱుపు, రొమ్ము లేత గోధుమవన్నె, గొంతు తెలుపు, తోకక్రింద కుంకుమ. కన్నులమీదుగా కాటుక దిద్దినట్లు నల్లని పట్టె.

జాలిపడి గంపక్రింద మూసి, నూకలు చల్లి, నీళ్లు పెట్టితిని. అది ముట్టలేదు. మఱునాటి యుదయమునకు ప్రాణము పోయినది. మేకలు తోలుకొని పోవుచున్న ముసలివాడొకడు చూచి, "అయ్యో, పొన్నంగిపిట్ట గదండీ పంతులుగారూ! ఇది గింజ ముట్టదండీ. ఆకులకింద పురుగు తింటది. పొద్దుగూకినాక తుప్పలో వదిలితే పోయేదండీ" అనెను.

అతనికి అక్షరము రాదు. నా గంపయే దానిని చంపినదేమో యను శంక నేటికిని నన్ను వీడలేదు.

అటుపిమ్మట దానినిగూర్చి విచారించితిని. వానకాలమున మధ్యభారతమందును హిమాలయపాదములందును ఇది గూడు కట్టును. ఎండుటాకులతో, గడ్డితో గుండ్రని గూడు, ప్రక్కన వాకిలి. చలికాలమునకు దక్షిణమునకు వచ్చి, కొన్ని సింహళము వఱకును పోవును. ప్రయాణము రాత్రులందు. దారిలో నలసినవి ఇండ్లలో పడుచుండును. వేకువను, మునిమాపునను తల వెనుకకు వాల్చి రెండు స్వరముల ఈల వేయును. అందుచే తమిళులు దీనిని ఆరుగంటల పిట్ట యనిరి. హిందీవారికిది నవరంగము. దీని బట్టలను నెమలి కాజేసినదని సింహళులు కథ చెప్పుకొందురు. కాజేయగా మిగిలినవే యిన్ని వన్నెలైన, మునుపెట్లుండెనో!

దీని బంధువులు ఇంచుమించు నలుబది జాతులు. పెక్కులు మలయా, బోర్నియో మొదలగు దేశముల వానయడవులలో నివసించును. లిన్నేయసు అను స్వీడను పండితుడు 1766లో మన పిట్టను కాకుల గణములో చేర్చెను! ఆ తప్పును ఎంచుటకు నేనెంతవాడను? 1816లో వియ్యో అను ఫ్రెంచి పండితుడు ఈ పక్షులకు వేఱొక గణము నేర్పఱిచి, దానికి "పిట్ట" యని పేరు పెట్టెను. అది మన తెలుగుమాటయే. బోర్నియో యడవిలోని పక్షినిగూడ లోకములోని శాస్త్రజ్ఞులు నేడు పిట్ట యనియే పిలుచుచున్నారు. నెల్లూరిలో వైద్యుడుగా నుండిన జెర్డను దొర 1862 మొదలు 1864 వఱకు ప్రకటించిన పక్షిగ్రంథములో తెలుగుపేళ్లనుగూడ అడిగి తెలిసికొని వ్రాసెను. పరదేశి యడిగినాడు, నేను నా వాకిటిముందు పోవు మేకలకాపరిని ఒక్కనాడైన నడుగలేదు.

పెద్దలారా, మీ యూళ్లలో అట్టి ముసలివారు ఇంకను నున్నయెడల, వారిని కూర్చుండబెట్టి పిట్టల పేళ్లు, చెట్ల పేళ్లు చెప్పించి పలకమీదనైన వ్రాయింపుడు. మా కాపరి గతించినాడు. అతని కెన్ని పేళ్లు తెలిసియుండెనో యిక నెవరు చెప్పగలరు?

నిరుడు కార్తికమున మరల నొక పొన్నంగి మా పెరటిలో పడినది. ఈసారి నూకలు చల్లలేదు. చీకటిగా గంప మూసి, పిల్లలను దూరముగా నుంచి, ప్రొద్దు వాలగనే కొండవార తుప్పలో విడిచితిని. కొంతసేపు కదలక నిలిచెను. పిదప రెండు గెంతులు గెంతి, ఎండుటాకులను ముక్కుతో తిరుగవేసికొనుచు లోనికి పోయెను.