మాతృభాష లేని ఖండము



ప్రతి నేలకును ఒక భాష ఉండునని లోకుల నమ్మకము. అంటార్కిటికా ఖండము భారతదేశమునకు నాలుగింతలకు పైబడిన వైశాల్యము గలది. అయినను అచట పుట్టి పెరిగిన జాతి లేదు. కావున ఆ నేలకు మాతృభాషయు లేదు. అచట వినబడు ప్రతి పలుకును బయటినుండి వచ్చినదే.

1911 డిసెంబరు 14వ తేదీన దక్షిణ ధ్రువమును మొట్టమొదట చేరినవారు అమండ్‌సెన్ నాయకత్వమున వచ్చిన నార్వేవారు. 1959 డిసెంబరు 1వ తేదీన వాషింగ్టనులో 12 దేశములు అంటార్కిటికా ఒడంబడికపై సంతకము చేసినవి. అందు సమాన ప్రామాణ్యము పొందిన ప్రతులు ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యను, స్పానిషు భాషలలోనివి మాత్రమే. నార్వేయు, జపానును సంతకము చేసిన దేశములే. వారి భాషలకు మాత్రము ఆ స్థానము దక్కలేదు. ముందుగా అడుగు పెట్టుట వేరు, దస్త్రమున కెక్కుట వేరు.

నిత్యవ్యవహారమున ఎవరి కేంద్రమున వారి భాష. వోస్తోక్‌లో రష్యను, ఎస్పెరాంజాలో స్పానిషు, కన్‌కార్డియాలో ఫ్రెంచి, ఇటాలియను. కొన్ని మాటలు ఎల్లరకును ఉమ్మడి సొత్తు. గాలి చెక్కిన మంచుగట్లకు ‘సస్త్రుగి’ అను రష్యను పేరు నిలిచినది. మంచును చీల్చుకొని నిలిచిన కొండకొనను ‘నునటాక్’ అందురు. అది ఉత్తరమున నున్న గ్రీన్‌లాండు ప్రజల మాట. భూగోళపు ఆ కొసనుండి ఈ కొసకు వచ్చినది.

1982 జనవరిలో తొలి భారత యాత్రాబృందము ఆ ఖండమున కాలిడెను. పిమ్మట వెలసిన కేంద్రములకు దక్షిణ గంగోత్రి, మైత్రి, భారతి అని పేర్లిడిరి. ఇవి తెలుగువారికిని అర్థము చెప్పనక్కరలేని పేర్లు.

2019లో ఒక పరిశోధన వెలువడినది. ఒక బ్రిటిషు కేంద్రమున చలికాలము కలిసి గడిపిన 11 మంది ఉచ్చారణను పరిశీలింపగా, కొన్ని అచ్చులను పలుకుటలో స్వల్పమైన మార్పు కనిపించెను. కొలది నెలల సహవాసమునకే క్రొత్త యాస మొలకెత్తసాగెనన్నమాట! కాని గడువు తీరగనే అట్టి బృందము చెదరిపోవును. ఆ యాస నందుకొనుటకు అచట పసిబిడ్డలు లేరు.

ఎస్పెరాంజాలో అర్జెంటీనా కుటుంబములు నివసించినవి. 1978లో అచట ఒక శిశువు జన్మించెను; ఆ ఖండమున తొలి జననముగా ప్రసిద్ధికెక్కినది అదియే. ఆ బిడ్డకు భాష నిచ్చినది నేల కాదు, కన్నవారు.

బదిలీ ఉత్తరువు వెంట ఊరూరు తిరుగు ఉద్యోగుల కుటుంబములు ఈ సంగతిని చక్కగా గ్రహింపగలవు. ఢిల్లీ నేల పిల్లలకు తెలుగు నేర్పదు. ఏడాది కొకసారి జరుగు ఉత్సవమును నేర్పజాలదు. అన్నము పెట్టునప్పుడు అమ్మయు, కచేరీనుండి వచ్చిన పిమ్మట నాన్నయు పలికిన తెలుగే వారికి దక్కును.