ల మాన్ పందెంలో ఛార్జి అప్పగింత

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు "ఒక పది నిమిషాలు ఏదైనా మాట్లాడండి, డి.ఏ. బకాయిల సంగతి మాత్రం వద్దు, అది అధ్యక్షుల వారు మాట్లాడతారు" అన్నారు. అందుచేత నేను కార్ల పందెం గురించి మాట్లాడబోతున్నాను. నవ్వకండి. ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో సైకిలు తప్ప మరొకటి నడపని గుమాస్తాను నేను. ఆ పందెం మా ఇంట్లోకి ఎలా వచ్చిందో కూడా చెబుతాను.

కొన్ని ఊళ్ళకు పేరు చెబితే చాలు, పని చెప్పనక్కరలేదు. తిరుపతి వెళ్ళొచ్చామంటే ఎందుకని ఎవరూ అడగరు. మారథాన్ అంటే పరుగు పందెం అంటాం గాని అది గ్రీసు దేశంలో ఒక ఊరు. మోటారు పందేల్లో అటువంటిది ల మాన్. ఫ్రాన్సులో, పారిస్‌కు నైరుతి దిక్కున సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉంది. పేరు చివర ఎస్ అక్షరం రాస్తారు, పలకరు. అమెరికాలో డేటోనా, సిబ్రింగ్, బెల్జియంలో స్పా కూడా ఇలా ఊరి పేరుతోనే చెలామణీ అవుతాయి గాని వాటన్నిటికీ పెద్దన్న ల మానే.

1923 మే 26న మొదటి పందెం జరిగింది. ఇక్కడ ఇంత దూరం పోవాలని ముందుగా ఏమీ ఉండదు. 24 గంటలు తిరిగి, ఎవరు ఎక్కువ దూరం నడిపితే వారిదే గెలుపు. మొదటి ఏడు అందరికంటె ఎక్కువ తిరిగిన కారు 2,209 కిలోమీటర్లు తిరిగింది. 2010లో ఆడి కారు 5,410 కిలోమీటర్లు తిరిగింది. అంటే కాశ్మీరు నుంచి కన్యాకుమారి వెళ్ళి, తిరుగు దారిలో దాదాపు సగం వచ్చినట్టు. ఒక చుట్టు సుమారు 13.6 కిలోమీటర్లు. అందులో చాలా భాగం మామూలు రోజుల్లో జనం తిరిగే రోడ్డే.

ఇప్పుడు ఒక్కో కారుకు ముగ్గురు డ్రైవర్లు. ఏ 6 గంటల వ్యవధిలోనూ ఒకరు 4 గంటలకు మించి నడపకూడదు. మొత్తం మీద 14 గంటలు దాటకూడదు. బండి ఆగగానే దిగే డ్రైవరు, ఎక్కేవాడి నడుముకూ భుజాలకూ బెల్టులు బిగించడంలో సాయపడి మరీ పక్కకు తప్పుకుంటాడు. మనం ఛార్జి ఇచ్చేటప్పుడు బీరువా తాళాలు, పెండింగు ఫైళ్ళ జాబితా అప్పగించి సంతకం పెట్టించుకునేవాళ్ళం చూడండి, అలా అన్నమాట.

పూర్వం ఇంత కట్టడి లేదు. 1950లో లూయీ రోజియే అనే ఆయన తన కొడుకును జోడీగా పెట్టుకుని గెలిచాడు. జోడీ అన్నమాటే గాని కొడుకు చేతికి ఇచ్చింది రెండే రెండు చుట్లు! మిగిలినదంతా తండ్రే నడిపాడు. 1952లో పియర్ లెవెగ్ అనే ఆయన ఇంకా ముందుకు పోయాడు. వయసు 46. జోడీ డ్రైవరు పక్కనే సిద్ధంగా ఉన్నా బండి ఇవ్వలేదు. రాత్రంతా తనే, తెల్లవారాక కూడా తనే. రెండో స్థానం వాళ్ళకంటె నాలుగు చుట్లు ముందున్నాడు. సుమారు ఒక్క గంటలో పందెం అయిపోతుందనగా ఇంజను విరిగింది. అలసటలో గేరు తప్పు వేశాడని కొందరు, అంతకుముందే ఇంజను అదురుతోందని, అది తన చేతిలో అయితేనే నిలుస్తుందని నమ్మి ఎవరికీ ఇవ్వలేదని కొందరు అంటారు. ఏమైతేనేం, గెలుపు మెర్సిడెస్ వారికి పోయింది.

1955లో అదే మెర్సిడెస్ వారు ఆయనను పిలిచి తమ కారు ఇచ్చారు. ఆ ఏడు ఆయన కారు ముందున్న కారును తాకి జనం వైపు ఎగిరింది. ఆయనా పోయాడు, చూడవచ్చినవాళ్ళు 80 మందికి పైగా పోయారు. విచారణలో ఏ డ్రైవరు మీదా తప్పు మోపలేదు. ఆ సంగతి ఇంతకంటె చెప్పలేను.

ఈ కథలు నాకు చెప్పింది మా అబ్బాయి. 2022లో మా ఆవిడకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పనిచేయలేదు. రాత్రి రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. అబ్బాయీ కోడలూ ఎంత చెప్పినా ఆ పని నేను ఎవరికీ ఇవ్వలేదు. "మీకు తెలియదు, నాకు అలవాటే" అనేవాణ్ణి. ఏడాది అలా నడిపాను. ఒకరోజు తెల్లవారి చూద్దును గదా, పక్క తడిసి చల్లబడిపోయి ఉంది. ఎప్పటినుంచి అలా ఉందో తెలియదు. "లేపకపోయావా?" అన్నాను. "లేపాను. మీరు లేవలేదు" అంది. ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆ రోజే అబ్బాయి రాత్రి 10 నుంచి 3 వరకు తన వంతు అన్నాడు. అది 2023 జూన్ 10, శనివారం. నాకు నిద్ర పట్టక ఒంటిగంటకు లేచి చూస్తే తల్లి మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఫోనులో ల మాన్ పందెం పెట్టుకున్నాడు, శబ్దం లేకుండా. ఆ పందెం పుట్టి నూరేళ్ళయిన సంవత్సరం అది. ఇక్కడ అర్ధరాత్రి దాటింది గాని అక్కడ సాయంత్రం తొమ్మిదిన్నర, ఇంకా వెలుగుంది. "తిప్పావా?" అన్నాను. "పన్నెండుకు తిప్పాను నాన్నా, మీ టైము కాలేదు, వెళ్ళి పడుకోండి" అన్నాడు. నేను కదల్లేదు. అప్పుడు ఆ తండ్రీ కొడుకుల కథ చెప్పాడు, రెండు చుట్ల కథ. నవ్వుతూనే చెప్పాడు. నేను వెళ్ళి పడుకున్నాను.

మర్నాడు ఒక నోటు పుస్తకం తీసి గళ్ళు గీశాను. టైము, మందు, ఏ పక్కకు తిప్పినది, పొట్టి సంతకం. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? ఇప్పుడు మూడో పుస్తకం నడుస్తోంది. ఆవిడ కర్ర సాయంతో వరండా దాకా వస్తోంది. ఆ ఏడు పందెం ఫెరారీ వారు గెలిచారు, 1965 తరువాత మళ్ళీ అప్పుడేనట. మా ఆవిడ ఇప్పటికీ "మన ఎర్ర కారు" అంటుంది.

మన సంఘంలో పిల్లలు దూరదేశాల్లో ఉండి, ముసలివాళ్ళిద్దరే ఉన్న ఇళ్ళు చాలా ఉన్నాయి. వారిలో ఒకరు మంచాన పడితే రెండోవారికి బజారుకు పోయిరావడానికీ, ఒక పూట కన్నుమూయడానికీ కూడా వీలుండదు. వారానికి రెండు గంటలు అటువంటి ఇంట్లో కూర్చోగలవారి కోసం కార్యదర్శి గారి అనుమతితో ఒక రిజిస్టరు తెరిచాను. మొదటి పేరు నాదే రాశాను, మంగళవారం, శుక్రవారం సాయంత్రం 4 నుంచి 6 వరకు. ఆ టైములో మా ఇంట్లో కోడలు ఉంటుంది, మా ఆవిడే వెళ్ళమంది. మనిషి కావలసినవారు కూడా మొహమాటపడకుండా వెనుక పేజీల్లో రాయండి. రిజిస్టరు కోశాధికారి గారి బల్ల మీద ఉంది, పెన్ను దారంతో కట్టి ఉంచాను.

సెలవు.