ఒకే బల్ల ముందు: మద్రాసు నగరపు నాటి ఫలహారశాలలు



ఒక నగర చరిత్రను వ్రాసేవారు సాధారణంగా కోటలను, దేవాలయాలను, న్యాయస్థానాలను, విశ్వవిద్యాలయాలను పేర్కొంటారు. కాని ఆ నగరంలో బ్రతికిన సామాన్యుని జ్ఞాపకం వేరే దారిలో నడుస్తుంది. ఫలానా వీధి మలుపులో ఒక హోటలు ఉండేదనీ, అక్కడి కాఫీ సువాసన ట్రాము పట్టాల దాకా వచ్చేదనీ, నెల చివరి రోజుల్లో రెండు ఇడ్లీలతోనే పూట గడిచేదనీ అతడు చెబుతాడు. ఈ జ్ఞాపకం చిన్నదిగా కనిపించినా, దాని వెనుక ఒక పెద్ద సాంఘిక చరిత్ర దాగి ఉంది. ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుని భోజనం చేయవచ్చునన్నది మన దేశంలో ఏనాడూ చిన్న ప్రశ్న కాదు. 1996 నుండి చెన్నై అని పిలువబడుతున్న మద్రాసు నగరం ఆ ప్రశ్నకు ఏ విధంగా సమాధానం వెతుక్కొన్నదో అక్కడి పాత ఫలహారశాలల కథ తెలుపుతుంది.

డబ్బు పుచ్చుకొని అన్నం పెట్టే ఆచారం తెలుగువారికి క్రొత్తది కాదు. ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు నగరపు పూటకూటి ఇంటి భోజన ప్రస్తావన ఉన్నది. గురజాడవారి ‘కన్యాశుల్కం’లోని పూటకూళ్ళమ్మను ఎరుగని తెలుగు పాఠకుడు ఉండడు. అయితే పూటకూళ్ళ ఇల్లు ఒక ఇంటికి పొడిగింపు మాత్రమే. వండే చేయి ఎవరిది, పంక్తిలో కూర్చొనేవారు ఎవరు అన్న విచారణ అక్కడ తప్పేది కాదు. బాటసారులకు ఆశ్రయమిచ్చిన సత్రాలలోనూ చాలాచోట్ల ఇదే నియమం ఉండేది.

ఇరవయ్యవ శతాబ్దం ఆరంభమయ్యేనాటికి ఈ వ్యవస్థలోకి కాఫీ ప్రవేశించింది. ఉదయాన్నే చద్దన్నం తినే అలవాటును ఈ నల్లని కషాయం కాజేస్తున్నదని ఆనాటి పెద్దలు ఎంతో చింతించారు. ఆరోగ్యం చెడుతుందనీ, ఆడవారు కూడా దీనికి బానిసలవుతున్నారనీ పత్రికలలో వ్యాసాలు వెలువడ్డాయి. అయినా కాఫీ ఆగలేదు. కచేరీ గుమాస్తాలు, కాలేజీ విద్యార్థులు, పల్లెల నుండి వ్యాజ్యాల పనిమీద వచ్చే రైతులు నగరంలో పెరుగుతున్నకొద్దీ వీధివీధినా ‘కాఫీ క్లబ్బులు’ వెలిశాయి. డవరాలో గ్లాసు బోర్లించి తెచ్చే సర్వరు, ఊపిరి తీసుకోకుండా అతడు వల్లించే పలహారాల జాబితా, పాలరాతి బల్లలు, గోడమీది నిలువుటద్దాలు నగరజీవితంలో భాగమైనాయి.

ఆ రోజులను తలచుకొనేవారు తరచుగా మరచిపోయే విషయం ఒకటి ఉన్నది. అనేక కాఫీ క్లబ్బుల గుమ్మంమీద ‘బ్రాహ్మణులకు మాత్రమే’ అన్న పలక వ్రేలాడేది. మరికొన్ని చోట్ల లోపలి గది ఒకరికి, వెలుపలి గది మరొకరికి కేటాయింపబడేది. హరిజనులకు ఆ రెండు గదులలోనూ చోటు దొరికేది కాదు. రైల్వే స్టేషన్లలోని ఫలహారశాలలు సైతం ఇదే విధంగా విభజింపబడి ఉండేవి. ఒకే రైలు పెట్టెలో భుజం భుజం రాసుకొని ప్రయాణించినవారు స్టేషనులో దిగగానే వేర్వేరు తలుపుల గుండా లోనికి పోవలసి వచ్చేది. ఆత్మగౌరవోద్యమం ఈ విభజనను తీవ్రంగా నిరసించింది. ప్రజల ఒత్తిడి ఫలితంగా 1941లో మద్రాసు రాష్ట్రపు రైల్వే ఫలహారశాలలలో ఈ భేదం తొలగింపబడింది.

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం ఈ విషయాన్ని అస్పష్టంగా వదలిపెట్టలేదు. అస్పృశ్యతను 17వ అధికరణం రద్దుచేసింది. మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం అన్న కారణాలతో ఏ పౌరునికీ దుకాణాలలో, సార్వజనిక ఫలహారశాలలలో, హోటళ్ళలో ప్రవేశం నిరాకరింపరాదని 15వ అధికరణం పేర్కొన్నది. దేశపు మౌలిక శాసనంలో హోటలు అన్న మాటకు చోటు దక్కడం యాదృచ్ఛికం కాదు. అవమానం ఎక్కడెక్కడ జరుగుతున్నదో రాజ్యాంగ నిర్మాతలకు తెలుసు. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. 1976లో దానిని మరింత కఠినం చేసి పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మార్చారు. అయినా పలకలు వెంటనే దిగలేదు. 1957, 1958 సంవత్సరాలలో కూడ తిరువల్లిక్కేణిలోని ఒక హోటలు పేరులో ఉన్న ‘బ్రాహ్మణ’ శబ్దాన్ని తొలగించాలని నెలల తరబడి సత్యాగ్రహం సాగింది. చివరకు ఆ పదం తొలగిపోయింది.

ఈ మార్పు కాలంలోనే ఉడిపి హోటళ్ళు నగరాన్ని ఆకట్టుకొన్నాయి. పడమటి తీరంలోని ఉడిపి శ్రీకృష్ణ మఠపు పాకసంప్రదాయమే ఆ వంటకాలకు పుట్టినిల్లు. ఆ ప్రాంతానికే చెందిన కె. కృష్ణారావు బాల్యంలో కడు పేదరికం అనుభవించి, వంటశాలలో చిన్న పనులు చేసి, బ్రతుకుదెరువు కోసం మద్రాసు చేరినవాడు. స్వయంకృషితో తొలుత చిన్న ఫలహారశాల నడిపి, 1938లో రాయపేటలోని రామనాథపురం రాజావారి భవనంలో ‘వుడ్‌లాండ్స్’ హోటలును ప్రారంభించాడు. 1962లో కెథీడ్రల్ రోడ్డులోని ఉద్యానవన సంఘంవారి ఆవరణలో ‘వుడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్’ వెలసింది. చెట్ల నీడన కారు ఆపుకొంటే సర్వరు వచ్చి కిటికీకి పళ్ళెం తగిలించి దోసెలు, కాఫీ వడ్డించేవాడు. కారు లేనివారికి లోపల బల్లలు ఉండేవి. న్యాయవాదులు, వైద్యులు, మందుల కంపెనీల ప్రతినిధులు, పరీక్షలకు చదువుకొనే విద్యార్థులు, చలనచిత్ర రచయితలు, పనిలేనివారు అందరూ అక్కడ గంటల తరబడి కూర్చొనేవారు. ఒక్క కాఫీ తెప్పించుకొని సగం రోజు గడిపినా లేచి పొమ్మనేవారు ఉండరని ఆ స్థలానికి పేరు.

ఎగ్మూరు సమీపాన పూనమల్లి హైరోడ్డులో 1954లో ఆరంభమైన ‘దాసప్రకాశ్’ కూడ కన్నడ ప్రాంతం నుండి వచ్చిన కుటుంబానిదే. అక్కడి ఐస్‌క్రీముల కోసం పిల్లలు సెలవుల దాకా ఎదురుచూచేవారు. మౌంటు రోడ్డులో 1951లో వెలసిన ‘బుహారీ’ హోటలు బిరియానీకి ప్రసిద్ధి. అదే రోడ్డులో అంతకుముందు తరంలో డి’యాంజెలిస్ అనే యూరోపియనుని హోటలు దొరలకు విడిదిగా ఉండేది. 1910లో మద్రాసు పొలిమేరలో విమానాన్ని ఎగురవేసి నగరవాసులను అబ్బురపరచినవాడు కూడ ఆ హోటలు యజమానియే. ఇట్లా ఒక్క నగరపు భోజనచరిత్రలో తుళు, కన్నడ, తమిళ, ముస్లిం, యూరోపియను పాకశాలలు ప్రక్కప్రక్కన నిలిచాయి.

తెలుగువారికి ఈ హోటళ్ళతో గల అనుబంధం చిన్నది కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించేవరకు మద్రాసు కోస్తా, రాయలసీమ జిల్లాలకు కూడ రాజధాని. హైకోర్టు అక్కడే, విశ్వవిద్యాలయమూ అక్కడే. రాష్ట్రం వేరుపడిన తరువాత కూడ తెలుగు చలనచిత్ర పరిశ్రమ చాలాకాలం ఆ నగరాన్నే ఆశ్రయించుకొని ఉన్నది. జేబులో కొద్దిపాటి డబ్బుతో సెంట్రల్ స్టేషనులో దిగిన యువకులు ఎందరికో ఉడిపి హోటలే తొలి ఆశ్రయం. భాష రాకపోయినా ఇడ్లీ, వడ, సాంబారు అన్న మాటలు అందరికీ ఒక్కటే. కన్నడిగుడైన యజమాని, తమిళుడైన సర్వరు, తెలుగువాడైన అతిథి ముగ్గురూ సగం సగం మాటలతో ఒకరినొకరు అర్థం చేసుకొన్న దృశ్యం ఏ ఉపన్యాసంకన్నా బలమైన ఐక్యతాపాఠం.

ఈ కథలో వెలుగుతోపాటు చీకటి కూడ ఉన్నదని ఒప్పుకోవాలి. బల్లల ముందు భేదం పోయిన తరువాత కూడ వంటశాలలో చాలాకాలం ఒకే కులంవారు పనిచేశారు. పొగలో, పిండి రుబ్బురోళ్ళ ముందు తెల్లవార్లూ కష్టపడిన కుర్రవాళ్ళలో అనేకులు బడి ముఖం చూడవలసిన వయస్సువారు. దక్షిణ కన్నడ జిల్లా గ్రామాల నుండి ఇట్లాంటి బాలలు మద్రాసుకే కాక బొంబాయికి కూడ వెళ్ళారు. అక్కడ వారి కోసం కన్నడ రాత్రి పాఠశాలలు నడిచాయి. పగలంతా బల్లలు తుడిచి రాత్రి పలక పట్టిన ఆ పిల్లల పట్టుదల కూడ ఈ చరిత్రలో ఒక ప్రకరణమే.

కాలక్రమాన ఆ హోటళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నగరం నడిబొడ్డున విశాలమైన ఆవరణ ఉంచుకొని, కాఫీమీద వచ్చే స్వల్పలాభంతో దానిని నిలుపుకోవడం కష్టమైంది. భూమి విలువ పెరిగింది. కౌలు గడువులు తీరాయి. కొన్ని కుటుంబాలలో తరువాతి తరంవారు ఇతర వృత్తులు చేపట్టారు. వుడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్ 2008లో మూతపడింది. ఆ స్థలంలో 2010లో ‘సెమ్మొళి పూంగా’ అన్న ఉద్యానవనం తెరచుకొన్నది. చివరి రోజులలో పాత అతిథులు కుటుంబాలతో వచ్చి అలవాటైన చెట్టు క్రిందే కాఫీ త్రాగి వెళ్ళారు. పూనమల్లి హైరోడ్డులోని దాసప్రకాశ్ భవనం కూడ నేడు లేదు.

పోయిన రుచి తిరిగి రాదు. దానికోసం విచారించడం మానవ సహజం. కాని ఆ ఫలహారశాలలు వదలిపోయిన ఆస్తి రుచి ఒక్కటే కాదు. అపరిచితుని ప్రక్కన కూర్చుని, అతని కులగోత్రాలు అడగకుండా, అదే గ్లాసులో అదే కాఫీ త్రాగే అలవాటును అవి ఒక తరానికి నేర్పాయి. ఆ అలవాటు దానంతట అది రాలేదు; పోరాటంవల్ల, చట్టంవల్ల, వేలాది సామాన్యుల నిత్యవర్తనవల్ల వచ్చింది. కొన్ని పల్లెల టీ దుకాణాలలో దళితులకు వేరు గ్లాసు ఉంచే దురాచారం ఇంకా మిగిలి ఉన్నదని పరిశీలకులు వెల్లడిస్తూనే ఉన్నారు. ఆ వేరు గ్లాసు ఉన్నంతవరకు పాత మద్రాసు హోటళ్ళ కథ ముగిసినట్లు కాదు.

తమ ఊరిలోని పాత హోటలును గురించి ఇంట్లోని పెద్దలను విద్యార్థులు అడిగి తెలుసుకోవాలి. అక్కడ ఏమి దొరికేదో మాత్రమే అడిగితే చాలదు. లోపలికి ఎవరిని రానిచ్చేవారో, ఎవరిని గుమ్మం వెలుపల నిలబెట్టేవారో, ఆ గుమ్మం ఏనాడు అందరికీ తెరచుకొన్నదో కూడ అడగాలి. ఆ సమాధానాలు ఒకచోట చేర్చి వ్రాసుకొంటే, ఏ పాఠ్యగ్రంథంలోనూ లేని ఒక దేశచరిత్ర వారి చేతిలో ఉంటుంది.